శ్రీకాకుళం ఉక్కకి ఎయిర్ కూలర్: రెండు వేసవులు వాడాక నా రివ్యూ

నిరుడు ఏప్రిల్ ఆఖర్లో కొన్నాను, 65 లీటర్ల డెజర్ట్ కూలర్, మూడు వైపులా హనీకోంబ్ ప్యాడ్లు, పైన ఐసు వేసుకునే అర, రిమోటు, కింద చక్రాలు, అన్నీ కలిపి 11,500 పడింది. కంపెనీ పేరూ షాపు పేరూ రాయట్లేదు, ఏ కంపెనీది కొన్నా మన ఊళ్ళో ఇదే జరుగుద్ది. ఆ సంగతి ముందే తెలిసుంటే మా అమ్మ ఒక వేసవంతా సరిగ్గా నిద్రపోకుండా గడిపేది కాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

అసలు కూలర్ మీదకి మనసు ఎందుకు పోయిందంటే, మా అప్ప వాళ్ళు కర్నూల్లో ఉంటారు. అంతకు ముందు ఏడాది మే నెలలో వాళ్ళింటికి ఫంక్షన్‌కి వెళ్ళాం, బయట 42 డిగ్రీలు, రోడ్డు మీద నిలబడితే మొహం కాలిపోతున్నట్టుంది, ఇంట్లోకొచ్చి కూలర్ ముందు కూర్చుంటే పావుగంటలో ప్రాణం లేచొచ్చింది. అర్ధరాత్రి అమ్మకి చలేసి దుప్పటి అడిగింది. మా బావ అయితే "అత్తా, ఏసీ ఎందుకు దండగ, ఇది చాలు" అన్నారు. ఆ మాట అమ్మకి పట్టేసింది. మన దగ్గర ఎండ చాలా రోజులు 35 దగ్గరే ఉంటది కదా, 42 ఉన్న చోటే అంత చల్లగా ఉంటే మనకి ఇంకెంత బాగుంటదో అనుకున్నాం. లెక్క తప్పింది ఇక్కడే.

షాపులో కుర్రాడిని అడిగాను కూడా, "మనకి ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ కదా తమ్ముడూ, పని చేస్తదా?" అని. "ఏటీ పర్లేదు సార్, ఐసు గడ్డలు వేసీయండి, ఏసీ ఎందుకూ పనికిరాదు దీని ముందు" అన్నాడు. పాపం అతనికి కూడా ఎవరూ చెప్పుండరు, కానీ రోజుకి ఇన్ని కూలర్లు అమ్మేవాళ్ళకి ఈ విషయం తెలిసి తీరాలి, ఈ ఒక్క దాని మీదే నాకు నిజంగా కోపం.

మొదటి రాత్రి సంగతి చెప్తా. తొమ్మిదింటికి ట్యాంకు నింపి, చల్లదనం బయటికి పోకూడదని కిటికీలు తలుపులు అన్నీ మూసేసి ఆన్ చేశాం. మొదటి పది నిమిషాలు బ్రహ్మాండం. అమ్మ మంచం దాని ఎదురుగా వేయించుకుంది. గంట గడిచేసరికి నేల మీద కాలు పెడితే అతుక్కుంటోంది, దిళ్ళు చెమ్మగా అయిపోయాయి, గోడకున్న క్యాలెండర్ కాగితం మెలి తిరిగింది. రాత్రి రెండింటికి చూస్తే అమ్మ మంచం అంచున కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంటోంది, తుడిచిన చోటే మళ్ళీ చెమట పూసలు లేస్తున్నాయి. "ఒళ్ళంతా జిడ్డు పట్టినట్టుందిరా నాన్నా, ఊపిరాడట్లేదు, దాన్ని ఆపీ" అంది. ఆపేసి కిటికీలు తెరిచి ఉత్త ఫ్యాను వేస్తే పది నిమిషాల్లో పడుకుంది. చల్లగాలి ఇచ్చే మెషీను ఆపితే హాయిగా ఉండటమేంటి అని ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు, తర్వాత నెల రోజులు దీని మీదే పడ్డాను.

తెలిసింది ఏంటంటే, చెమట పట్టడం వల్ల మనకి చల్లబడదు, పట్టిన చెమట ఆరితేనే చల్లబడుద్ది. లీటరు చెమట పూర్తిగా ఆరాలంటే దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి, ఆ వేడిని అది మన ఒంట్లోంచే లాక్కుంటది. ఇది ఎంతంటే, లీటరు నీళ్ళని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాయడానికి కావాల్సిన దానికి ఎనిమిది రెట్లు. దేవుడు అంత పెద్ద కూలర్ మన చర్మంలోనే పెట్టాడు. కానీ చెమట ఆరాలంటే గాలిలో దానికి చోటుండాలి. గాలి అప్పటికే తేమతో నిండిపోయి ఉంటే చెమట ఆరదు, చుక్కలుగా కారిపోద్ది, కారిపోయిన చెమట వల్ల ఒంటికి చల్లదనం అందదు, నీరూ ఉప్పూ పోవడం మాత్రం పోతాయి. ఉక్కపోత అంటే ఇదే. వేడి లోపలే ఉండిపోద్ది, గుండె ఇంకా గట్టిగా కొట్టుకుని రక్తాన్ని చర్మం దాకా తోస్తా ఉంటది, అందుకే ఏ పనీ చేయకపోయినా సాయంత్రానికి ఒళ్ళు పులిసిపోయినట్టు ఉంటది.

ఇంకో లెక్క వేశాను, ఇది చూస్తే కర్నూలుకీ మనకీ తేడా టక్కున అర్థమవుద్ది. 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న గాలి ఒక ఘనపు మీటరులో 11 గ్రాముల నీటి ఆవిరి ఉంటది. 35 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్న గాలిలో దాదాపు 28 గ్రాములు. మా గది పన్నెండు బై పది, పదడుగుల ఎత్తు. అంటే ఉక్క రోజున ఆ గది గాలిలోనే దగ్గర దగ్గర లీటరు నీళ్ళు కనపడకుండా ఉన్నట్టు, కర్నూల్లో అదే గదిలో 400 గ్రాములు కూడా ఉండవు. ఎదురుగా సముద్రం, పగలంతా అక్కడ్నించి నీటావిరి మోసుకొచ్చే గాలి, దానికి తోడు నాగావళి, వంశధార, చుట్టూ చెరువులు. ఫోన్లో వాతావరణం చూస్తే 35 అని ఉంటది, హైదరాబాదు చుట్టాలు "మీకు 35 ఏగా" అంటారు. తేమని కూడా కలిపి లెక్కగట్టే హీట్ ఇండెక్స్ ప్రకారం 35 డిగ్రీలూ 70 శాతం తేమా కలిస్తే ఒంటికి 50 లాగా అనిపిస్తది. ఈసారి ఎవరైనా అలా అంటే ఈ సంగతి చెప్పండి.

ఇక కూలర్ సంగతి. అది చేసేది కూడా చెమట చేసే పనే. తడి ప్యాడ్ల మీంచి గాలి పోతా ఉంటే నీళ్ళు ఆవిరవుతాయి, ఆ ఆవిరి అవ్వడానికి కావాల్సిన వేడి గాలిలోంచి తీసుకుంటాయి కాబట్టి గాలి చల్లబడుద్ది. అంటే ఒంటి మీద చెమట ఆరని రోజున కూలర్ ప్యాడ్ మీద నీళ్ళు కూడా సరిగ్గా ఆరవు. ఇదొక్క ముక్క షాపులో బోర్డు మీద రాసి పెడితే చాలు. ఎంత చల్లబడగలదు అన్నదానికి ఒక హద్దుంది, థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా పెడితే ఎంత చూపిస్తదో అదే హద్దు, ఎంత ఖరీదు పెట్టినా ఆ కిందకి పోదు. 42 డిగ్రీలు 20 శాతం తేమకి ఆ హద్దు 24 దగ్గర, అందుకే మా అమ్మకి దుప్పటి కావాల్సొచ్చింది. 35 డిగ్రీలు 70 శాతానికి అది 30. అంటే ఎంత మంచి కూలరైనా మన దగ్గర ఐదు డిగ్రీలు మించి తగ్గించలేదు, నిజానికి నాలుగు వస్తే గొప్ప, పైగా ఆ నాలుగు డిగ్రీల కోసం గదిలోకి ఇంకా తేమ నింపుద్ది.

నేను 400 పెట్టి చిన్న డిజిటల్ మీటరు కొన్నాను, వేడీ తేమా రెండూ చూపించేది, (ఇది మాత్రం అందరూ కొనుక్కోండి, నా మాట వినండి). మూసిన గదిలో కూలర్ వేయకముందు 33 డిగ్రీలు, తేమ 72. గంట తర్వాత 31 డిగ్రీలు, తేమ 87. అంకె చూస్తే రెండు డిగ్రీలు తగ్గింది, ఒంటికి తెలిసే వేడి మాత్రం తగ్గలేదు, పైగా చెమట ఆరడం ఇంకా కష్టమైంది. అంతే మరి, రాత్రంతా ట్యాంకులోంచి పోయిన నీళ్ళు ఎక్కడికి పోతాయి, ఆ గదిలోకే కదా. రోజుకి దాదాపు 30 లీటర్లు పోసేవాణ్ణి.

మీటరు లేకపోయినా వంటింట్లో ఉప్పు డబ్బా చెప్పేస్తది. తేమ 75 శాతం దాటితే ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకుని తడవడం మొదలెడుద్ది. మా ఇంట్లో కూలర్ వాడిన నెలరోజులూ పక్క గదిలో ఉన్న ఉప్పు డబ్బాలో చెంచా అతుక్కుపోయేది, అప్పడాలు వేయించి పెడితే తినేలోపు మెత్తబడిపోయేవి, రాత్రి ఆరేసిన తువ్వాలు పొద్దున తీస్తే అలాగే చెమ్మగా ఉండేది. తువ్వాలే ఆరకపోతే మనిషి ఒళ్ళు ఎలా ఆరుద్ది.

రాత్రుళ్ళ గురించి కూడా చెప్పాలి, మన బాధలో సగం రాత్రిదే. పొడి ఊళ్ళలో పొద్దుగూకాక నేల వేడి ఆకాశంలోకి పోద్ది. మన దగ్గర గాలిలో ఉన్న నీటావిరే ఆ వేడిని పట్టేసి మళ్ళీ కిందకే పంపుద్ది, సముద్రం కూడా పగలు తాగిన వేడిని అంత త్వరగా వదలదు. అందుకే తెల్లవారుజాము నాలుగింటికి కూడా మా వరండాలో మీటరు 28 దిగదు, తేమ 85 పైన. పగలు పడ్డ అలసట తీరడానికి ఒంటికి టైమే దొరకదు. పెద్దవాళ్ళకి ఇది మరీ ప్రమాదం, వయసు పెరిగే కొద్దీ చెమట పట్టడం తగ్గుద్ది, దాహం కూడా సరిగ్గా తెలీదు. మా అమ్మకి 68, ఆ మే నెలలో మెడంతా చెమట పొక్కులు, ఒక పొద్దున లేచి నిలబడితే తల తిరిగి గోడ పట్టుకుంది. ఆ రోజే కూలర్ ప్లగ్గు పీకేశాను.

అయితే కూలర్‌కి దక్కాల్సిన మార్కులు కూడా ఇవ్వాలి. ఏడాదికి ఐదారు రోజులు అది నిజంగా అద్భుతంగా పనిచేసింది. ఎప్పుడంటే పడమటి గాలి తోలే రోజుల్లో. అటు ఒడిశా కొండల వైపు నుంచి పొడి గాలి వస్తదే, వడగాడ్పు, ఆ రోజు సముద్రపు గాలి మధ్యాహ్నం దాకా లోపలికి రాలేదు. ఈ మే నెలలో ఒక రోజు మధ్యాహ్నం రెండింటికి మా వరండాలో 40 డిగ్రీలు, తేమ 28 చూపించింది, పెదాలు పగిలిపోతున్నాయి. కూలర్ వేశాను, గదిలో 30కి దిగింది, అచ్చం కర్నూలే. అమ్మ "ఇన్నాళ్ళూ ఏమైందిరా దీనికి" అంది. నాలుగున్నరకి పెరట్లో కొబ్బరిమట్టలు ఒక్కసారి అటు నుంచి ఇటు తిరిగాయి, సముద్రపు గాలి వచ్చింది, ఎండ వేడి చకచకా 35కి పడిపోయింది, తేమ 65కి ఎగబాకింది. అరగంటలో కూలర్ గాలి మళ్ళీ తడిగుడ్డ మొహం మీద వేసినట్టు అయిపోయింది. మెషీను అదే, నీళ్ళు అవే, గాలి మారింది. ఆ కొబ్బరిమట్టలు తిరగడం చూశాక నాకు ఇంకెవరూ వివరించక్కర్లేకపోయింది.

ఐసు విషయం. దీని కోసం ఫ్రిజ్జులో ట్రేలన్నీ నింపి పెట్టేవాళ్ళం. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడి తీసుకుంటది. గంటలో కరిగిందనుకుంటే అది 93 వాట్ల చల్లదనం. ఊరికే కూర్చున్న ఒక మనిషి ఒంట్లోంచి వచ్చే వేడే 100 వాట్ల దగ్గర. అంటే గంటకి కిలో ఐసు వేస్తే గదిలో ఉన్న ఒక్క మనిషి వేడికి సరిపోద్ది, ఆ లోపు ఆ ఐసు తయారు చేసిన ఫ్రిజ్జు ఇంట్లోకి వదిలిన వేడి వేరే. టన్ను ఏసీ అయితే గదిలోంచి 3,500 వాట్ల వేడిని లాగి బయట పడేస్తది. ఇక ఆ ఐసు అర జోలికి పోకండి.

మెయింటెనెన్స్ మామూలే, బోరు నీళ్ళకి ప్యాడ్ల మీద తెల్ల పెచ్చులు కట్టేసింది, వారానికోసారి నీళ్ళు మొత్తం వంపకపోతే నీచు వాసన, దోమ పురుగులు. పంపు రెండో వేసవిలో పోయింది, వారంటీలోనే ఉన్నా సర్వీసు వాళ్ళు రావడానికి పన్నెండు రోజులు పట్టింది, వచ్చిన కుర్రాడు మాత్రం మర్యాదగా చేసి వెళ్ళాడు.

ఈ ఏడాది ఏప్రిల్‌లో అమ్మ గదికి టన్ను ఏసీ ఈఎంఐలో పెట్టించాను. ఏసీ ఏంటి గొప్ప అని చాలామంది అనుకుంటారు, దాని డ్రెయిన్ పైపు కింద ఒకరోజు బకెట్టు పెట్టండి, తెలుస్తది. రాత్రి పదింటికి పెట్టాను, పొద్దున ఆరింటికి 11 లీటర్లు. ఆ నీళ్ళన్నీ గదిలో గాలిలోవి, కిటికీ సందుల్లోంచి తలుపు కిందనుంచి వస్తూనే ఉన్న తేమ. చల్లటి కాయిల్‌కి తగిలి, చల్ల మజ్జిగ గ్లాసుకి బయట నీళ్ళు పట్టినట్టు పట్టి, కారి బయటికి పోయింది. ఒకటేమో గదిలోకి నీళ్ళు పోస్తది, ఇంకోటి గదిలోంచి నీళ్ళు తోడుద్ది. మన ఊరికి కావాల్సింది తోడేది. 2020 జనవరి నుంచి అమ్మే స్టార్ రేటింగ్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని రూలు ఉంది, మేము 27 పెట్టి ఫ్యాను నెమ్మదిగా వేస్తాం, తేమ 55కి దిగితే 27 చాలు, అమ్మ పొద్దున్న దాకా కదలదు. డ్రై మోడ్ (ముఖ్యంగా తేమ తీసే సెట్టింగు) కూడా వాన పడి ఆగిన రాత్రుళ్ళలో బాగా పనికొస్తది.

ఏసీ పెట్టలేని ఇళ్ళు మన జిల్లాలో ఎక్కువ, అది నాకు తెలుసు, మా హాల్లో కూడా లేదు. అక్కడ నేను చేసింది చెప్తా. 11,500 పెట్టి కూలర్ కొనే బదులు ఆ డబ్బుతో రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు తినే కొత్త రకం), వంటింటికి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను వచ్చేస్తాయి, ఇంకా మిగులుద్ది. ఫ్యాను గాలిని చల్లబరచదు, ఒంటి చుట్టూ తేమతో నిండి నిలిచిపోయిన గాలి పొరని తోసేసి కొత్త గాలిని తెస్తది, ఆ కాస్త దానికే చెమట ఆరుద్ది. పాత ఫ్యాను 75 వాట్లు తింటే ఇవి 30 దగ్గర, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రెట్టింపు సేపు తిరుగుతాయి. వంట ఆవిరి, స్నానాల గది ఆవిరి ఇంట్లోకి రానివ్వకండి, అన్నం వార్చే టైముకి ఎగ్జాస్ట్ తిరగాలి. తడి బట్టలు గదిలో ఆరేయకండి. ఇప్పటికే కూలర్ కొనేసిన వాళ్ళు పంపు ఆపి కిటికీలో పెట్టి ఉత్త ఫ్యానులా వాడండి, ఎదురు కిటికీ తెరిచి ఉంచండి, బయట గాలి లోపలికొచ్చి అటు పోతుంటే చాలా తేడా ఉంటది. ఒంటి మీద పల్చటి నూలు బట్ట ఉండాలి, మా నాన్న ఉన్నన్నాళ్ళూ వేసవి మొత్తం పొందూరు ఖద్దరు తప్ప వేయలేదు, చెమటని పీల్చి పరిచి ఆరబెట్టే గుడ్డ అది, పాలిస్టర్ చొక్కా ఆ పని చేయదు. పొద్దున్నే చోడంబలిలో (రాగి అంబలి) ఉప్పేసి, మజ్జిగ కలిపి ఒక గ్లాసు, మధ్యాహ్నం ఇంకో గ్లాసు, పోయిన నీరూ ఉప్పూ రెండూ తిరిగొస్తాయి.

బయట పనిచేసే వాళ్ళని తలుచుకుంటే కడుపులో తిప్పుద్ది. నౌపడ ఉప్పు మడుల్లో, పలాస జీడి బట్టీల దగ్గర, మధ్యాహ్నం "35 ఏగా" అని పని ఆపనివ్వరు. మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతూ మనిషి తికమకగా మాట్లాడినా అది ఎండదెబ్బ, నీడకి తెచ్చి ఒంటి మీద నీళ్ళు పోసి గట్టిగా గాలి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆలస్యం చేయకండి.

రేటింగ్ అంటే, ఇక్కడ వాడటానికి 5కి 2. ఆ రెండు కూడా పడమటి గాలి రోజులకీ, ఫ్యానుగా పనికొచ్చినందుకూ. ఇదే మెషీను కర్నూలు, అనంతపురం వాళ్ళు కొంటే కళ్ళు మూసుకుని 5 ఇచ్చేయొచ్చు. బొబ్బిలి, సాలూరు అటు లోపలి వాళ్ళు మాత్రం మీటరు పెట్టి చూసుకోండి, మధ్యాహ్నం తేమ 40 లోపు ఉండే రోజులు వరసగా పది పదిహేను వస్తుంటే కొనండి, లేదంటే వద్దు. సముద్రానికి దగ్గరగా, కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు ఉన్నవాళ్ళు అసలు ఆ షాపు మెట్లే ఎక్కకండి.

ఇప్పుడు మా కూలర్ వరండాలో ఉంది. ప్యాడ్లు తీసేశాను, పంపు వైరు విప్పేశాను. రోహిణి కార్తె సాయంత్రాలు అమ్మ దాని ముందు స్టూలేసుకుని ముంజెలు ఒలుస్తూ కూర్చుంటది, ఎదురుగా కొబ్బరిమట్టలు ఎటు ఊగుతున్నాయో చూసి "ఇవాళ పడమర లేదురా, కిటికీలు తీసీ" అని చెప్పేది ఇప్పుడు తనే.